ఉన్ కఫే, పొర్ ఫవోర్

మా బావకు నత్తి. ఈ మాట ఇంత సూటిగా అంటే మా అక్కకు నచ్చదు. "నత్తి కాదే, ఆయన మాటలు కాస్త ఆలోచించుకుని వస్తాయి" అంటుంది. ఆలోచించుకోవడమా పాడా! కొన్ని మాటలు గుమ్మం దాకా వచ్చి, అక్కడే కూలబడి, చివరికి రాకుండానే వెనక్కి పోతాయి. క, ప, బ అక్షరాలతో మొదలయ్యేవైతే మరీను. దవడ బిగుసుకుపోతుంది, కళ్ళు మూతలు పడతాయి, మెడలో నరం ఉబ్బుతుంది. చూసేవాళ్ళకే ఊపిరాడదు. నాకు ఓపిక తక్కువ, నోరెక్కువ. ఆ మాటేదో నేనే అనేసి గొడవ వదిలిద్దామనిపిస్తుంది.

బావ పని కళ్ళద్దాల షాపు వెనక గదిలో. ముందు గదిలో షాపాయన జనానికి అక్షరాల బోర్డు చూపించి "ఇది బాగుందా, ఇది బాగుందా" అని అడుగుతూ ఉంటాడు. వెనక గదిలో బావ గుండ్రటి అద్దాన్ని చక్రం మీద అరగదీసి, అంచు వేలితో తడిమి, ఫ్రేమును కాస్త వేడి చేసి అందులో కూర్చోబెడతాడు. చక్రం మీద నీళ్ళు చిమ్ముతుంటాయి, తెల్లటి బురద తొట్టిలోకి జారుతుంటుంది. అక్కడ మాట్లాడాల్సిన పని లేదు, మాట్లాడినా ఆ రొదలో వినపడదు. అందుకే ఆ పనిలో చేరాడని మా అమ్మ అనేది. కాదని బావ ఏనాడూ అనలేదు.

అక్క తీరు దీనికి పూర్తిగా తలకిందులు. పెద్ద బస్టాండులో అనౌన్సరు. మైకులో ఆమె గొంతు మోగితే బెంచీల మీద కునుకు తీసేవాళ్ళు కూడా లేచి సంచులు సర్దుకునేవాళ్ళు. మొహం ఎవరికీ తెలియదు కానీ గొంతు మాత్రం ఊరందరికీ తెలుసు. కూరగాయల కొట్లో బేరమాడుతుంటే కొట్టాయన తలెత్తి, "అమ్మా, మా బస్సు ఇంకా రాలేదా?" అని వేళాకోళం చేసేవాడు. అక్క వెంటనే మైకు గొంతుతో "మీ బస్సు రద్దయినది" అనేది.

ఇద్దరూ కలిసింది ఆ కళ్ళద్దాల షాపులోనే. అక్క కళ్ళజోడు కాలు విరిగితే బావ బాగుచేసి ఇచ్చాడు. ఆ కాలు ఆ నెలలో మళ్ళీ మళ్ళీ విరిగింది. ఎవరు విరిచారో నాకు తెలుసు, ఇప్పుడెందుకులే. చివరికి బస్టాండు క్యాంటీనులో ఎదురెదురుగా కూర్చున్నారు. "టీ తాగుతారా, కాఫీ తాగుతారా?" అని అక్క అడిగింది. బావ "టీ" అన్నాడు. గబుక్కున, ఎక్కడా తడబడకుండా.

అక్క ఈ కథ చెప్పని మనిషి లేడు. "అప్పటిదాకా ఒక్క మాట తిన్నగా రాలేదు, టీ అన్న మాట మాత్రం ముత్యంలా రాలింది! టీ అంటే ఎంత ప్రాణమో చూడండి" అని మురిసిపోయేది. అసలు అక్క కాఫీ మనిషి. చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే కాఫీ పడకపోతే ఎవరితోనూ మాట్లాడేది కాదు. పెళ్ళయ్యాక మానేసింది. ఇద్దరికీ రెండు గిన్నెలెందుకు, ఆయన తాగేదే నేనూ తాగుతానంది. అల్లం దంచి, పాలు తగ్గించి, బావకు ఎలా కావాలో అలా కాచేది. పిల్లలు లేని ఇల్లు కదా, ఆ టీ కాయడంలోనే గారాబమంతా చూపించేది.

హోటలుకు వెళ్ళినా అంతే. బావ మెనూ కార్డు మీద వేలు పెడతాడు, అక్క పైకి చదువుతుంది. బ్యాంకులో, ఆసుపత్రిలో, ఫోనులో, పక్కింటివాళ్ళతో తగాదాలో అక్కే మాట్లాడుతుంది. బావకు ఇంట్లో మాట్లాడే ధైర్యం ఉంది కానీ అక్కడా క్లుప్తమే. అక్కను "ఇదిగో" అని పిలుస్తాడు. పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. "పాతకాలం మర్యాద" అని అక్క దానికీ మురిసిపోయేది.

అలాంటి గొంతు ఒకరోజు బొంగురుపోయింది. బస్టాండువాళ్ళు మైకు పాడైందనుకుని మైకు మార్చారు. కొత్త మైకులోనూ బొంగురే వచ్చింది. మందులు మింగింది, ఆవిరి పట్టింది, పరీక్షలు చేయించుకుంది. గొంతులో గడ్డ ఉంది, మాట పుట్టే పెట్టె మొత్తం తీసేయాలన్నారు. ఆ తర్వాత మెడలో చేసిన రంధ్రంలోంచి ఊపిరి తీసుకోవాలి. సొంత గొంతుతో మాట రాదు. వాసన కూడా సరిగ్గా తెలియదు కాబట్టి తిండి రుచీ తగ్గుతుందని చెప్పారు.

అక్క అన్నీ విని తలూపింది. ఇంటికొచ్చాక మాత్రం వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది. "చావంటే భయం లేదే నాకు. బతికుండి మాట్లాడలేకపోతే, ఈయన తరఫున ఎవరు మాట్లాడతారు?"

"నేను లేనా పై అంతస్తులో?" అన్నాను.

"నువ్వు మాట్లాడితే తగాదాలవుతాయి" అంది. అదీ నిజమే.

ఆ రాత్రి భోజనాల దగ్గర బావతో తన కోరిక చెప్పింది. "ఆపరేషన్‌కి ముందు ఒక్కసారి హోటలుకు పోదామండీ. ఈసారి మీరు తెప్పించాలి. నాకేం కావాలో మీరే చెప్పాలి. నేను నోరు కదపను, మహారాణిలా కూర్చుంటాను. మీరు చెప్పగలరని ఒక్కసారి కళ్ళారా చూస్తే, నిశ్చింతగా వెళ్ళి ఆ బల్ల మీద పడుకుంటాను."

బావ మొహం పాలిపోయింది. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కాదనలేడు, సరే అనడానికి గుండె లేదు.

దారి చూపించింది ఆసుపత్రిలో మాట నేర్పే డాక్టరమ్మ. ఆపరేషన్ తర్వాత సంగతులు అక్కకు వివరిస్తూ, పక్కనున్న బావ అవస్థ గమనించింది. "కొంతమందికి పాట పాడుతుంటే నత్తి రాదండి. కొంతమందికి కొత్త భాషలో రాదు. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు. మళ్ళీ ఎప్పుడు వస్తుందో కూడా చెప్పలేం" అంది. చివరి మాట బావ విన్నాడో లేదో!

మా వీధి చివర లైబ్రరీ మేడ మీద సాయంత్రాలు స్పానిష్ తరగతి నడుస్తుంది. గోడ మీద కాగితం అంటించారు: హోటలుకు వెళితే సరిపోయే స్పానిష్, మొదటిసారి నేర్చుకునేవారికి. పెద్ద రోడ్డులో స్పానిష్‌వాళ్ళ హోటలు ఒకటి ఉంది. ఈ రెండు సంగతులనూ బావ తన బుర్రలో ఒకదానికొకటి అతికించాడు, ఫ్రేముకు అద్దం అతికించినట్టే.

మొదటిరోజు తోడుగా నేను వెళ్ళాను. కుర్చీలు, బల్లలు హోటల్లోలా సర్ది, కొందరిని సర్వర్లుగా, కొందరిని తినేవాళ్ళుగా నిలబెట్టింది టీచరు. అందరూ కలిసి గట్టిగా అనాలి, తర్వాత ఒక్కొక్కరే అనాలి. బావ వంతు వచ్చేసరికి నేను లేచి "మా బావకి కొంచెం..." అన్నాను. "మీరు కాసేపు బయట కూర్చుంటారా?" అని టీచరు నవ్వుతూనే గెంటేసింది. మెట్ల మీద ఉడికిపోతూ కూర్చున్నాను. అప్పుడు లోపలి నుంచి ఒక మగ గొంతు వినబడింది. "ఉన్ కఫే, పొర్ ఫవోర్." ఒక కాఫీ ఇవ్వండి అని. నున్నగా, తొణక్కుండా. అది ఎవరి గొంతో పోల్చుకోవడానికి నాకు కాస్త సేపు పట్టింది. ఆ గొంతు అంత పొడవుగా నేనెప్పుడూ వినలేదు.

ఇక ఇంట్లో పండగే. అవును అనడానికి "సీ" అనాలట. "అన్నం పెట్టనా అంటే ఛీ అంటున్నారేంటండీ?" అని అక్క. కోడిని "పోయో" అంటారట. "ఉందో, పోయిందో తేల్చి చెప్పు బావా" అని నేను. బంగాళాదుంపను కొన్ని దేశాల్లో "పాపా" అంటారని తెలిసిన రోజు అక్క పడీపడీ నవ్వి, "పాప లేదని దిగులు పడ్డాం, కిలో పాపలు తెచ్చారు మీరు" అంది. నవ్వినంతసేపూ దగ్గింది. దగ్గాక ఎర్ర మరక పడిన చేతిరుమాలు మడిచి కొంగులో దాచింది. ముగ్గురం చూశాం, ముగ్గురం చూడనట్టే ఉన్నాం.

బావ చక్రం దగ్గర కూడా గొణుక్కుంటూనే ఉండేవాడట. నా భార్యకు అనడానికి "పారా మి ఎస్పోసా". భార్య అన్నా, పెళ్ళాం అన్నా మన మాటలో బావ నోరు దాటి రావు. ఎస్పోసా మాత్రం హాయిగా వచ్చేది. నాకు ఒక్కటే అనుమానం. ఆ తరగతిలో సర్వరు వేషం వేసినవాళ్ళు ఏం అడిగినా "సీ సెన్యోర్", అలాగే సార్, అంటారు. పాఠంలోని హోటల్లో అన్నీ ఉంటాయి, ఏదీ అయిపోదు. "ముందే వెళ్ళి హోటలువాళ్ళకి ఓ మాట చెప్పొస్తానే" అన్నాను అక్కతో.

"వెళ్ళావో, కాళ్ళు విరగ్గొడతా" అంది. ఫోను చేసి అక్క పేరు మీద బల్ల ఉంచమనడానికి మాత్రం ఒప్పుకుంది.

ఆపరేషన్‌కు రెండ్రోజుల ముందు మధ్యాహ్నం ముగ్గురం వెళ్ళాం. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అక్క మెడకు సిల్కు గుడ్డ చుట్టుకుంది. గుమ్మంలో సర్వరు ఎదురొచ్చాడు. నడివయసు మనిషి, నల్ల ఏప్రను, కళ్ళజోడు ఒక పక్కకు వాలి ముక్కు మీంచి జారుతోంది. బావ చూపు ముందు ఆ కళ్ళజోడు మీదే పడింది. అది చూశాక కాస్త ధైర్యం వచ్చినట్టుంది.

"బ్వేనాస్ తార్దెస్. ఊనా రెసెర్వా, ఆ నోంబ్రే దే..." అని, మా అక్క పేరు చెప్పాడు. పూర్తి పేరు. మధ్యలో ఎక్కడా తెగకుండా.

నమస్కారం, ఫలానావారి పేరు మీద బల్ల ఉంచారు అని అర్థం. అక్కకు అర్థంతో పనేముంది? గుమ్మంలోనే ఆగిపోయింది. "నా పేరేనా అది?" అంది నా చెవిలో, రాని గొంతుతో.

"నీదే, నడు" అన్నాను.

కూర్చున్నాం. అక్క నిజంగానే మహారాణిలా వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మెనూ కార్డు ముట్టుకోలేదు. బావ నిటారుగా కూర్చుని, సర్వరు కళ్ళలోకి చూస్తూ, "పారా మి ఎస్పోసా, ఎల్ పెస్కాదో, పొర్ ఫవోర్" అన్నాడు. నా భార్యకు చేప. అక్కకు చేప ఇష్టం. ఆమె మొహంలో ఆ వెలుగు నేను మరిచిపోలేను.

సర్వరు మొహం కూడా వెలిగింది. తన భాష వినేసరికి ప్రాణం లేచొచ్చింది కాబోలు, గడగడా ఏదో చెప్పాడు. చేతులు తిప్పాడు, వంటింటి వైపు చూపించాడు, చివర్లో ఒక ప్రశ్న అడిగాడు. అది ప్రశ్న అని మాత్రం మాకూ తెలిసింది.

బావ అదే వాక్యం మళ్ళీ చెప్పాడు. "పారా మి ఎస్పోసా, ఎల్ పెస్కాదో..."

సర్వరు ఈసారి నెమ్మదిగా చెప్పాడు. నెమ్మదిగా చెప్పినా తెలియని మాట తెలియనిదే కదా! బావ నుదుటి మీద చెమట పట్టింది. అప్పుడా సర్వరు, పాపం మంచి మనిషి, కళ్ళజోడు పైకి తోసుకుని, కాస్త యాసతో, ఎంతో మర్యాదగా అన్నాడు. "చేప అయిపోయింది సార్. వేరే ఏం తీసుకుంటారు? మీరు మన మాటలోనే చెప్పండి, పర్లేదు."

ఆ మంచితనం మీద మన్ను పొయ్య! బావను అంత దూరం మోసుకొచ్చిన తాడును ఆ ఒక్క మాటతో కోసేశాడు. బావకు ఇప్పుడు పోయో గుర్తు రాలేదు. పాఠమంతా తుడిచిపెట్టుకుపోయింది. కోడి అందామనుకున్నాడు. "క..." అన్నాడు. దవడ బిగుసుకుంది. "క... క..." మెడలో నరం లేచింది. పక్క బల్లవాళ్ళు తినడం ఆపి, చూడనట్టు చూస్తున్నారు. నేను నోరు తెరిచాను. బల్ల కింద అక్క నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. తనూ పెదాలు బిగబట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళూ ఆయన నోట్లోంచి మాటను అందిపుచ్చుకున్న మనిషి, అందుకోకుండా ఉండటానికి అంత అవస్థ పడుతోంది.

"కూరగాయలా సార్?" అన్నాడు సర్వరు. "కాల్చిన కూరగాయలు చాలా బావుంటాయి."

బావ అలసిపోయి తలూపాడు. బతుకంతా అలాగే తలూపాడు. ఎదుటివాళ్ళు ఊహించినదే తనకు కావాల్సింది అన్నట్టు.

పళ్ళెం నిండా క్యాప్సికం వచ్చింది. అక్కకు దాని వాసనే పడదు. రుచీ వాసనా ఉన్న ఆఖరి రోజుల్లో, ఒక్కో ముక్కా నమిలి, మింగలేక మింగి, పళ్ళెం ఖాళీ చేసింది. "చాలా బావుందండీ" అంది. బావ తల ఎత్తలేదు. నేను నీళ్ళు తాగుతూ కూర్చున్నాను, కోపం ఎవరి మీద చూపించాలో తెలియక.

పళ్ళేలు తీసేశాక సర్వరు మళ్ళీ వచ్చి, "టీ, కాఫీ ఏమైనా?" అన్నాడు.

బావ తల ఎత్తి, "ఉన్ కఫే, పొర్ ఫవోర్" అన్నాడు. మొదటిరోజు పాఠం కదా, దానంతటదే వచ్చేసింది.

అక్క నవ్వింది. "పాపం, వాళ్ళు అదే నేర్పినట్టున్నారు" అని నాతో అని, మహారాణి పదవి వదిలేసి సర్వరు వైపు తిరిగి, "ఆయనకి టీ తెండి" అంది.

బావ అడ్డంగా తలూపాడు. "కఫే."

కాఫీ వచ్చింది. బావ కప్పు రెండు చేతులతో పట్టుకుని, ముందు వాసన చూసి, కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాడు. టీ తాగుతూ అలా కళ్ళు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అక్కా చూడలేదు. చూస్తూ చూస్తూ ఆమె నవ్వు ఆగిపోయింది.

"మీకు కాఫీ ఇష్టమా?"

బావ తలూపాడు.

"ఎప్పట్నుంచి?"

బావ అరచెయ్యి బల్ల అంచు దగ్గర, చిన్నపిల్లవాడి ఎత్తులో పెట్టి చూపించాడు.

"మరి ఆ రోజు క్యాంటీన్లో..." అంటూనే ఆగిపోయింది అక్క. ఇంకెవరూ చెప్పాల్సిన పని లేదు. కాఫీ అనడానికి "క" అనాలి. టీ అయితే నోట్లోంచి జారిపోతుంది. ఆయన టీ తెప్పించుకోలేదు, నోటికి వచ్చిన మాట తెప్పించుకున్నాడు. ఆ మాట కోసం ఒకరు ఇన్నేళ్ళు ఇష్టంలేని టీ తాగారు, ఇంకొకరు ఇష్టమైన కాఫీ మానేశారు.

అక్క గుసగుసలా అడిగింది. "నన్ను 'ఇదిగో' అనడం కూడా అందుకేనా?"

అక్క పేరు కూడా "క"తోనే మొదలవుతుంది. బావ కళ్ళు దించుకున్నాడు.

"ఇంకా ఏమేం చెప్పలేకపోయారండీ?"

కోపంగా అడగలేదు. తనకు మిగిలిన కాస్త గొంతుతో, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. బావ నోరు తెరిచాడు. కళ్ళలో నీళ్ళు నిండాయి, ఒక్క అక్షరం కూడా బయటికి రాలేదు. ఏ భాషలో అయినా ఆ జవాబు ఏ పాఠంలో ఉంటుంది? అక్క ఆయన చేతి మీద చెయ్యి వేసి, "పోన్లెండి, పోన్లెండి" అంటూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున అక్క కాఫీ పెట్టింది. అలవాటు తప్పి చేదుగా వచ్చింది. ఇద్దరూ తాగారు.

ఆపరేషన్ రోజు ఆసుపత్రిలో చేర్చుకునే కిటికీ ముందు వరసలో నిలబడ్డాం. బావ మమ్మల్ని వెనక్కి జరిపి తనే ముందుకు వెళ్ళాడు. అక్క నా మణికట్టు పట్టుకుంది, పాత గోళ్ళ గుర్తుల మీదే.

"పేషెంటు పేరు?" అంది కిటికీలో అమ్మాయి.

బావ కళ్ళు మూసుకున్నాడు. గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, "ఊనా రెసెర్వా, ఆ నోంబ్రే దే..." అని మొదలుపెట్టి, అక్క పేరు చెప్పేశాడు. చక్కగా, స్పష్టంగా. చెప్పాడు! నేను అక్క వైపు తిరిగాను.

"ఏంటండీ? ఏదో వేరే భాషలా ఉంది" అంది ఆ అమ్మాయి, కంప్యూటరు తెర మీంచి కళ్ళు తీసి, నవ్వుతూ. "మన మాటలో చెప్పండి, పర్లేదు. ఉట్టి పేరు చాలు."

"క..." అన్నాడు బావ. కిటికీ గట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. "క... క..."

వెనక వరస కదలక జనం తొంగిచూశారు. ఆ అమ్మాయి వేళ్ళు మీటల మీద ఆగి ఉన్నాయి. బావ మెడ నరం చూడలేక నేను గోడ వైపు తిరిగాను. నా మణికట్టు మీద పట్టు వదులైంది.

అక్క ముందుకు నడిచింది. బావ భుజం మీద చెయ్యి వేసి, కిటికీలోకి వంగి, బొంగురు గొంతును ఎలాగో కూడదీసుకుని, బస్సు పేరు చెప్పినట్టు ఒక్కొక్క అక్షరమూ విడదీసి, తన పేరు తనే చెప్పింది.

అక్క గొంతుతో నేను విన్న ఆఖరి మాట అదే.